ఆసిఫాబాద్ అంత దూరం

హైదరాబాద్ నుంచి మదీనాకు విమానంలో పన్నెండు గంటలు పడుతుంది. మధ్యలో రెండు సముద్రాలు, రెండు ఎడారులు, పేరు తెలియని మంచుకొండ ఒకటి. విమానం నడిపే ఆయన స్వయంగా నా సీటు దాకా వచ్చి, నా చేతి గడియారం చూసి తన టైం సరిచేసుకుని పోయాడు.

ఇవన్నీ మా మసీదు మెట్ల మీద, చాయ్ హోటల్ ముందరి బెంచీ మీద కూర్చుని ఏడాదిగా నేను చెప్తున్న మాటలు. విన్నవాళ్లు తలలూపారు. ఒకాయనైతే ఆ మంచుకొండ గురించి రెండోసారి అడిగి మరీ చెప్పించుకున్నాడు. తీరా కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి జంకుతోంది. నోటితో అన్నది గాలికి పోతుంది. రాసింది మా ఆవిడ చదువుతుంది. ఆమె ఆసిఫాబాద్‌లో తెలుగు బడిలో చదువుకున్న మనిషి, నాకంటే బాగా చదువుతుంది.

కాబట్టి నిజం ఇది. దూరం సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. పట్టింది ఆరు గంటలకు కాస్త తక్కువ. సముద్రం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. కొండ లేదు. విమానం నడిపే ఆయన మొహం నేను చూడలేదు. గడియారం మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు, దాని సంగతి చెప్తాను.

కరీంనగర్‌లో టవర్ దగ్గర, బట్టల దుకాణానికీ పాన్ డబ్బాకూ నడుమ నాకొక గడియారాల రిపేరు దుకాణం ఉంది. దుకాణమంటే ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, కంటికి బిగించుకునే ఒక భూతద్దం. నలభై ఏళ్ల పైమాట అక్కడే కూర్చున్నాను. రంజాన్ నెల వస్తే ఊరు ఊరంతా నా గడియారం చూసే రోజా ఉపవాసం విడుస్తుందని చెప్పుకుంటాను. మా గల్లీ వరకు అది నిజమే. మసీదు గోడ గడియారం బాగుచేసేది నేను. ఏ రోజు ఎన్ని గంటలకు పొద్దు మునుగుతుందో అచ్చువేసిన కార్డు నా దుకాణం తలుపుకే వేలాడుతుంది. నా చేతికున్నది చావి తిప్పే పాత గడియారం. దాన్ని నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. నెలకు ఒక్క నిమిషం కూడా తప్పదు. సరే, రెండు నిమిషాలు తప్పుతుంది.

మా ప్రయాణానికి ముందు రెండు రంజాన్లు మా ఆవిడ ఒక్క రోజా కూడా ఉండలేదు. మొదటి ఏడు కడుపు ఆపరేషన్. రెండో ఏడు దాని నీరసం. పొద్దున్నే లేచి నాకు వండిపెట్టి, తాను మాత్రం పగలంతా మందులు మింగుతూ వంటింట్లో చాటుగా అన్నం తినేది, చుట్టాలెవరైనా వస్తే పళ్లెం పక్కకు జరిపేసి. మూడో ఏడు మా ఇద్దరికీ మదీనా, మక్కా పోయే యోగం కుదిరింది. అదీ రంజాన్‌లోనే. ఆమె డాక్టర్ దగ్గర కూర్చుని బేరమాడింది. ఒకటి ఉండి చూడమ్మా, కళ్లు తిరిగితే మాత్రం అప్పటికప్పుడు విడిచెయ్యాలి అన్నాడాయన. ముప్ఫై రోజుల్లో ఆ ఒక్కటీ ఎప్పుడు ఉండాలో ఆమె అప్పుడే తేల్చుకుంది. ప్రయాణం రోజు. మదీనాలో కాలుపెట్టేటప్పుడు తన నోరు రోజాతో ఉండాలి.

ప్రయాణంలో ఉన్నవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఉంది, తర్వాత ఉండొచ్చు అని గుర్తుచేశాను.

"మాఫీ ఉందని నాకు తెల్వదా అజీ? రెండేండ్ల సంది మాఫీయే తింటున్న" అన్నది.

ఆ మాట తర్వాత నేనూ ఉంటానన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? సాయంత్రానికి మసీదు మెట్ల మీద, ఆకాశంలో ఉపవాసం ఉండబోయే మొదటి కరీంనగర్ మనిషిని నేనే అన్నంత దూరం పోయింది కథ.

రోజా భయం లేదు గానీ, ఆమెకు విమానం భయం ఉండేది. ఎంత దూరం అని రోజూ అడిగేది. నాలుగు వేల కిలోమీటర్లంటే మొహం ఇంకా వాడిపోయింది. ఆ లెక్క తనకు తెలియదని, గంటల్లో చెప్పమని అన్నది. ఆరు గంటలన్నాను. ఆరు గంటలంటే ఎంత అని మళ్లీ అడిగింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మంచి మాట వచ్చింది.

"మీ అమ్మీ ఇల్లంత" అన్నాను. "కరీంనగర్ల ఎక్కి ఆసిఫాబాద్‌ల దిగినంత. గంతే."

మా పెళ్లయిన కొత్తలో ఆసిఫాబాద్‌కు బస్సులో నిజంగానే ఆరు గంటలు పట్టేది. ధర్మపురిలో బస్సు ఆగితే సగం మంది నరసింహస్వామి గుడివైపు దిగిపోయేవాళ్లు. తర్వాత గోదావరి వంతెన. వంతెన మీద ఆమె కళ్లు మూసుకునేది, అంత నీళ్లు చూస్తే తల తిరుగుతుందని. ఆమెకు నిమ్మకాయ వాసన చూపిస్తూ నేను లక్సెట్టిపేట దాకా లాక్కొచ్చేవాణ్ని. అక్కడ చాయ్, మిర్చీలు. అవి నాకే. ఆమె దారి పొడుగునా గుక్కెడు నీళ్లు కూడా ముట్టేది కాదు. మంచిర్యాల, బెల్లంపల్లి దాటి బస్సు ఆసిఫాబాద్‌లో ఆగేసరికి మా అత్తగారు బస్టాండులో నిలబడి ఉండేది. ఏ బస్సుకు వస్తున్నామో ఆమెకు తెలిసే దారి లేదు. పొద్దటి నుంచి కరీంనగర్ వైపు నుంచి వచ్చే ప్రతి బస్సుకూ ఎదురుపోయేదట. ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, ఆరు గంటలు పట్టదు. మేమే పోవడం మానేశాం.

ఆసిఫాబాద్ అంత దూరమే అన్నాక మా ఆవిడ మళ్లీ అడగలేదు. సూట్‌కేసులో ఒక నిమ్మకాయ పెట్టుకుంది.

విమానం మధ్యాహ్నం మూడున్నరకు లేచింది. కిటికీ పక్కన ఆమె, నడుమ నేను, దారివైపు భారీ మనిషొకాయన. ఆయన బెల్టు పెట్టుకోగానే కాళ్లు చాపి గురక మొదలుపెట్టాడు. విమానం వంగినప్పుడు మా ఆవిడ కిటికీ పలక కిందికి లాగేసి నా మోచెయ్యి పట్టుకుంది. నేను గొప్పగా కూర్చున్నాను. గొప్పగా కూర్చోవడమంటే, కుర్చీ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకోకుండా ఉండటం.

కొంచెం కుదుటపడ్డాక ఆమె లెక్క మొదలైంది. గంట దాటగానే, ఇప్పుడు ధర్మపురి రావాలె గదా అన్నది. వచ్చిందన్నాను. కింద నీళ్లున్నాయని ఎవరో వెనక సీట్లో అంటే, గోదావరి వచ్చినట్టుంది అని తనే చెప్పి, అలవాటుగా కళ్లు మూసుకుంది. అరేబియా సముద్రం దాటేదాకా తెరవలేదు.

రోజా విడిచే ఇఫ్తార్ వేళ తామే చెప్తామని విమానంవాళ్లు మైకులో ఉర్దూలో కూడా చెప్పారు. ఆమె నన్ను పొడిచి, విన్నారా అన్నది. విన్నాను. వాళ్ల గడియారం ఎవరు బాగుచేశారో నాకేం తెలుసు? దుకాణం తలుపు నుంచి తీసి తెచ్చిన కార్డు నా జేబులో ఉంది, నా గడియారం నా చేతికి ఉంది. అక్కడ టైం వేరట గదా అని ఆమె మెల్లగా అన్నది. అక్కడికి పోయినంక చూద్దామన్నాను.

ఇక్కడ నా తెలివి గురించి ఒక ముక్క చెప్పాలి. దుబాయి నుంచి, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు దిగిన మర్నాడు నా బల్ల ముందుకు వచ్చేవాళ్లు. వాళ్ల గడియారాలు గంటన్నర ముందుకు తిప్పి ఇచ్చేవాణ్ని. మళ్లీ పోయే ముందు వెనక్కి తిప్పేవాణ్ని. నలభై ఏళ్లలో ఎన్ని వందల ముళ్లు అలా తిప్పి ఉంటానో. నా వేళ్ల కిందనే అటూ ఇటూ తిరిగిన ఆ గంటన్నర ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

కిటికీ పలక మూసి ఉంది. లోపల దీపాలు తగ్గించారు. చుట్టూ మనుషులు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. చూడటానికి అచ్చం పొద్దు మునిగే మగ్రిబ్ వేళలాగే ఉంది. నా గడియారం ఆరున్నరకు రెండు నిమిషాలు తక్కువ చూపించింది. ఆ రోజుకు కార్డులో ఉన్నదీ అదే. కుర్తా జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి, టైమైందని ఆమె చేతిలో ఒకటి పెట్టి, రెండోది నా నోట్లో వేసుకున్నాను.

నా మాట మీద ఆమె ఖర్జూరాన్ని పెదాల దాకా తెచ్చింది. తెచ్చి ఆగింది.

"జర ఆగుండ్రి" అని కిటికీ పలక పైకి లేపింది.

ఎండ మా ఒడిలో పడింది. చల్లారిన సాయంత్రపు ఎండ కాదు. బట్టలు ఆరేసుకునే ఎండ.

"సూర్యుడు ఈడ్నే ఉన్నడు గదా అజీ" అన్నది.

ఉన్నాడు. విమానం ఆయన వెనకాలే పరుగెడుతోంది. పట్టుకోలేదు గానీ, ఆయన్ని దిగనియ్యడమూ లేదు. చావి తగ్గిన గడియారంలో ముల్లు ఎట్లా ఈడ్చుకుంటూ నడుస్తుందో, ఆకాశంలో సూర్యుడు అలా నడుస్తున్నాడు. నాకు మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. అప్పటికి నా ఖర్జూరం గొంతు దిగిపోయింది. గింజ మాత్రం నాలుక కింద ఉంది.

"మీరు తినలే గదా?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె అల్లాకు వెయ్యి దండాలు పెట్టుకుని, తన ఖర్జూరాన్ని చేతిరుమాలు అంచులో ముడేసుకుంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. గింజ ఉమ్మేద్దామంటే ఆమె చూపు నా మీదే ఉంది. లేచి బాత్రూంకు పోవచ్చు కదా అంటారేమో. పక్కాయన కాళ్లు చాపి దారికి అడ్డంగా నిద్రపోతున్నాడు, ఆయన్ని లేపాలంటే నోరు తెరవాలి. మింగేద్దామని కూడా చూశాను. ఖర్జూరం గింజ ఎంత పొడుగుంటుందో, దానికి రెండు మొనలుంటాయని, ఆ రోజే తెలిసింది.

అలా రెండున్నర గంటలు. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే.

ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. నేను ఉపవాసంతో సొమ్మసిల్లుతున్నానని అనుకుంది. సీటు జేబులో ఉన్న అట్ట కాగితం తీసి నాకు విసరడం మొదలుపెట్టింది. సూట్‌కేసులోది కాదు, ఇంకో నిమ్మకాయ ఆమె చేతిసంచిలో ఉందని అప్పుడు తెలిసింది. అది నా ముక్కు దగ్గర పెట్టింది. దువా చదివి నా నుదుటి మీద ఊదింది. కడుపు కోసి కుట్టిన మనిషి, రెండేళ్ల తర్వాత మొదటి రోజా ఉన్న మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్న మనిషి, కడుపు నిండా ఖర్జూరం ఉన్న నాకు విసురుతోంది. ఒక్క ఖర్జూరానికి కడుపు నిండుతుందా అంటే, ఆ రోజు నిండింది. ఇంకో మెతుక్కు చోటు లేనంత నిండింది.

నన్ను మరిపించడానికి కావచ్చు, ఆమె మాట్లాడుతూ పోయింది. లక్సెట్టిపేట దాటినమేమో అన్నది. నేను తలూపాను. మంచిర్యాల వచ్చి ఉంటదా అన్నది. తలూపాను. అమ్మీ బస్టాండులో కట్టుకుని నిలబడే ఆకుపచ్చ చీర గురించి చెప్పింది. కండక్టర్లు ఆమెను గుర్తుపట్టి, ఈ బస్సుల లేరమ్మా, ఎనక బస్సు చూడు అని చెప్పిపోయేవాళ్లట. నలభై ఏళ్లలో ఆ సంగతి నాకు తెలియదు.

"అమ్మీ ఉన్నన్నాళ్లు ఆరు గంటలు దూరమనిపించలే" అన్నది. "పోయినంకనే, గంత దూరం ఎవరు పోతరు అనిపించింది."

అప్పుడు చెప్పేద్దామని నోరు తెరవబోయాను. గింజ పళ్లకు తగిలింది. మళ్లీ మూసుకున్నాను.

నా గడియారంలో తొమ్మిది కావస్తుండగా కిటికీలో ఎండ ఎర్రబడింది. విమానం కిందికి దిగుతోంది. అంతకు ముందే అందరి ఒళ్లో చిన్న చిన్న పెట్టెలు, నీళ్ల సీసాలు పెట్టి పోయారు. సూర్యుడు ఇసుక అంచులోకి జారిపోయాడు. మైకులో చెప్పారు. ఆమె తన రుమాలు ముడి విప్పి, అదే ఖర్జూరాన్ని, రెండున్నర గంటలుగా దాచిన ఆ ఒక్కదాన్నే, రెండుగా చీల్చింది. గింజ లేని ముక్క నా నోట్లో పెట్టింది. గింజ ఉన్నది తను తిన్నది. నీళ్లు తాగింది. కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో అడుక్కుంది. ఆమె మొహం అంత తేటగా నేను చూసింది మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఒకసారి.

తర్వాత తన గింజను కాగితం కప్పులో వేసి, ఇంట్లో అలవాటున్నట్టే కప్పు నా ముందుకు చాపింది. నేనూ ఇంట్లో అలవాటున్నట్టే ఉమ్మాను.

టక్‌మని శబ్దం వచ్చింది.

ఆమె కప్పులోకి చూసింది. నన్ను చూసింది. మళ్లీ కప్పులోకి చూసింది.

"ఒక్క ఖజూర్ల రెండు గింజలు ఎట్ల వచ్చినయ్?"

"మదీనా ఖజూర్లు అట్లనే ఉంటయ్" అన్నాను. రెండున్నర గంటల తర్వాత నా మొదటి మాట అది.

"ఇది మన టవర్ కాడ కొన్నది" అన్నది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేశాను. ఆమె ముందు నవ్వింది. కుట్లున్న చోట చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వింది. రెండున్నర గంటలు నోట్లోనే పెట్టుకున్నారా అని మళ్లీ మళ్లీ అడిగింది. నవ్వు ఆగాక కప్పును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"నేను గూడ తింటుంటి" అన్నది. "మీరు టైమైందంటే నేను కార్డు అడగలే, ఇంకొకర్ని అడగలే. రెండేండ్లకు ఒక్కటి దొరికింది నాకు. అది గూడ పోతుండె."

విమానం చక్రాలు నేలను తాకాయి. ఈసారి ఆమె నా మోచెయ్యి పట్టుకోలేదు. అప్పుడు నేను ఇంకో మాట అన్నాను. నేను తినకుండా నువ్వెన్నడూ ముట్టవు, నీ పానం ఆగమైతదని భయపడి నీతోటి తినిపియ్యాలనే ముందు నేను తిన్న, అన్నాను. ఆమె దిగేటప్పుడు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది.

కరీంనగర్‌కు వచ్చాక నేను చెప్పిన కథలో నా రోజా పదహారున్నర గంటలది. గింజ సంగతి లేదు. ఆమె తలుపు వెనక నుంచి విన్నది, ఒక్కసారి కూడా నన్ను పట్టించలేదు. అయితే రంజాన్ పోయిన రెండు నెలలకు, ఎండలు మండుతున్న రోజుల్లో, రేపు మీ బాకీ రోజా ఉండుండ్రి అన్నది. పోయిన రోజాకు బదులు ఇంకోటి ఉండాలి కదా. తనకూ రెండేళ్లవి ఉన్నాయి, డాక్టర్ ఒకటీ అరా ఉండమన్నాడు, మీకు తోడుగా నేనూ ఒకటి ఉంటానన్నది.

సాయంత్రం డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. కరీంనగర్ పొద్దు కదలడం లేదు, దీని వెనక ఏ విమానం పరుగెడుతోందో. అలవాటుగా మణికట్టు తిప్పి చూడబోతే ఆమె తన కొంగు నా గడియారం మీద కప్పేసింది.

"ఆనాడు నా కోసం తింటిరి గదా" అన్నది. "ఇయ్యాల నేను మీ కోసం ఉన్న. చెల్లుకు చెల్లు."

ఆమె పెదాలు ఆ రోజులాగే ఎండిపోయి ఉన్నాయి. ఆ మాట నేను మోయలేకపోయాను. గింజ కంటే అది బరువుగా ఉంది.

"నీ కోసం కాదు" అన్నాను. "నాకు ఆకలైంది. గడియారం మీద వంక పెట్టుకుని తిన్న."

ఆమె నా వైపు తిరిగింది. కోపం వస్తుందని ఎదురుచూశాను.

"ఆకలైందని ఒక్క మాట చెప్తే నేనే పెడ్తుంటి గదా అజీ. ప్రయాణంల ఉంటిరి. మీకు మాఫీ ఉండె."

అంత దూరం ఎగిరి, అంతసేపు గింజ దాచుకుని, ఆ ఒక్క మాట నాకు అప్పుడు తట్టలేదు. ఆమెకు మాఫీ గుర్తుచేసింది నేనే.

పొద్దు మునిగింది. మసీదు నుంచి పిలుపు వినిపించాక కూడా ఆమె ఒకసారి లేచి నిలబడి, పడమటి ఇళ్ల మీదుగా చూసి, సరే అన్నది. ఖర్జూరం చీల్చింది. ఈసారి గింజ ఉన్న ముక్క నాకిచ్చింది. నేను తిని, నీళ్లు తాగి, గింజను ఆమె చాపిన అరచేతిలో వేశాను. ఆమె దాన్ని పక్కన పెట్టి, నా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహం పైకెత్తింది.

"నోరు తెరువుండ్రి" అన్నది.

తెరిచాను. ఆమె మిగిలిన వెలుతురులో ఒక మూల నుంచి ఇంకో మూల దాకా తీరిగ్గా వెతికింది, నేను భూతద్దం పెట్టుకుని గడియారం లోపల వెతికినట్టు.